లారీ ఎక్కించి కారు నేర్పిన మాస్టారు

ముందే చెప్పేస్తున్నాను, ఈ డ్రైవింగ్ స్కూలు పేరు రాయడం లేదు. రాస్తానంటే మాస్టారే వద్దన్నారు. ఉన్నది ఒకటే కారు, నేర్పేది ఆయనొక్కరే, ఉదయం ఐదున్నర క్లాసు కావాలంటే ఇప్పటికే రెండు నెలలు ఆగాలి. "ఉన్నవాళ్లకే సరిగ్గా చెప్పలేక చస్తున్నాను, ఇంకా మందిని తోలకండి టీచరమ్మా" అన్నారు. విజయవాడలో పటమట నుంచి ఆటోనగర్ వైపు వెళ్లే దారిలో, పంచర్ల కొట్టు పక్కన రేకుల షెడ్డు. బోర్డు మీద సగం అక్షరాలు వెలిసిపోయాయి. ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఈపాటికే అర్థమై ఉంటుంది.

నాకు 51 ఏళ్లు. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పదేళ్లుగా స్కూటీ మీదే తిరుగుడు. కారు మావారిది. కిందటేడు ఆయనకు గ్లకోమా అని తేలింది, పక్కచూపు తగ్గిపోయింది, ఇక డ్రైవింగ్ వద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. కారు కవరు కప్పుకుని సెల్లారులో కూర్చుంది. తెనాలిలో అమ్మ ఒక్కతే ఉంటుంది. వారం వారం క్యాబుకు పెట్టే డబ్బు ఒకరోజు కాగితం మీద కూడి చూసుకుని, నేర్చేసుకుందాం అనుకున్నాను. "ఈ వయసులో అవసరమా మమ్మీ" అంది మా అమ్మాయి ఫోన్లో. ఆ మాటతో ఖాయమైపోయింది.

నిజానికి మొదట చేరింది ఇక్కడ కాదు. ఇంకోచోట. పెద్ద బోర్డు, ఏసీ ఆఫీసు, పది రోజులకు 5,500. నేర్పే కుర్రాడు అరగంట క్లాసులో ఇరవై నిమిషాలు ఫోన్లోనే ఉండేవాడు. తన వైపున్న క్లచ్, బ్రేకుల మీద నుంచి కాళ్లు తీసేవాడు కాదు. నాలుగో రోజున "సూపర్ మేడమ్, మీకు వచ్చేసింది" అన్నాడు. అనుమానమొచ్చి, ఖాళీ రోడ్డు చూసి, "ఒక్కసారి కాళ్లు తీసెయ్ బాబూ" అన్నాను. తీశాడు. కారు రెండుసార్లు గంతేసి ఆగిపోయింది. నాలుగు రోజులూ నేను స్టీరింగ్ పట్టుకుని కూర్చున్న ప్యాసింజర్‌ని అన్నమాట. మిగతా ఆరు రోజుల డబ్బు వెనక్కి రాలేదు.

ఇక ఈ మాస్టారి సంగతి. ఆర్టీసీలో ముప్ఫై ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యారు. పదిహేను రోజులు, రోజుకు ముప్పావుగంట, 7,000 రూపాయలు, పెట్రోలు ఆయనదే. లెర్నర్ లైసెన్సు మనమే తెచ్చుకోవాలి. అది ఆరు నెలలు చెల్లుతుంది, తీసుకున్న 30 రోజులు దాటాకే అసలు పరీక్షకు వెళ్లాలి. ఇవన్నీ తెలిసినవే. తెలియనిది ఏమిటంటే, మొదటి రెండు రోజులు ఆయన నాకు స్టీరింగే ఇవ్వలేదు. డబ్బు కట్టింది నేను, నడిపింది ఆయన. నా పని పక్క సీట్లో కూర్చుని, కనబడిందల్లా పైకి చెబుతూ ఉండటం.

"లెఫ్టులో ఆటో, ముందు బైకు, బస్సు ఆగి ఉంది" అని చదివాను, అటెండెన్సు పిలిచినట్టు.

"ఉన్నవి చెప్పకండమ్మా. చెయ్యబోయేవి చెప్పండి" అన్నారు.

అక్కడ మొదలైంది అసలు క్లాసు. ఆటో డ్రైవరు ఎటు చూస్తున్నాడన్నది కాదట, ముందు చక్రం ఎటు తిరిగిందో చూడాలట. తల ఎటైనా తిప్పుతాడు, చక్రం తిప్పిన వైపే వస్తాడు. షేర్ ఆటో ఎక్కడ ఆగుతుందో ఆటోకే తెలియదు, రోడ్డు పక్కన చెయ్యెత్తబోయే మనిషికి తెలుసు. కాబట్టి ఆటోని కాదు, ఆ చేతిని చూడాలి. స్టాపులో బస్సు ఆగి ఉంటే, దాని ముందు నుంచి ఒక మనిషి దాటబోతున్నాడనే అనుకోవాలి, కనబడినా కనబడకపోయినా. బైకు మీదవాడి మెడ ఒక పక్కకు వాలి ఉంటే భుజానికీ చెవికీ మధ్య ఫోనుంది, వాడికి హారన్ వినబడదు. బందరు రోడ్డు మీద ఒక్క ముప్పావుగంటలో ఇలాంటివి పదకొండు చెప్పించారు. రాత్రికి నోట్సు రాసుకున్నాను. టీచర్ల జబ్బు.

మూడో రోజు నుంచి క్లచ్, గేరు, బ్రేకు. వాటి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఎవరి దగ్గరైనా వస్తాయి. క్లచ్ మాత్రం ఆ ముసలి కారులో రాయిలా ఉంటుంది, మోకాలి నొప్పులున్నవాళ్లు గమనించుకోండి.

నేను ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఆరో రోజు. ఆ రోజు ఆదివారం. కారు తియ్యకుండా నన్ను నడిపించుకుంటూ జవహర్ ఆటోనగర్ లోపలికి తీసుకెళ్లారు. అక్కడ బాడీ బిల్డింగు షెడ్డులో ఆయన స్నేహితుడొకాయన ఉన్నాడు. రిపేరుకొచ్చిన పది టైర్ల లారీ నిలబెట్టి ఉంది. "ఎక్కండమ్మా డ్రైవర్ సీట్లోకి" అన్నారు. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, ఇద్దరు మెకానిక్ కుర్రాళ్లు నవ్వు ఆపుకుంటూ ఉండగా, ఎక్కాను. పైనుంచి చూస్తే రాణీగారి అంబారీలా ఉంది. రోడ్డంతా నాదే అనిపించింది.

"ఎడమ పక్కన ఏముందో చెప్పండి" అని కింద నుంచి అరిచారు.

చూశాను. గోడ, డ్రమ్ములు, దూరంగా వేపచెట్టు. అద్దంలో లారీ పక్క రేకు, ఒక గీతలాంటి నేల. "ఏమీ లేదు మాస్టారూ" అన్నాను.

"దిగి రండి."

దిగి అటు పక్కకు వెళ్లాను. ఎడమ తలుపు కింద, ముందు చక్రాన్ని ఆనుకుని ఒక స్కూటర్ పెట్టి ఉంది. దాని మీద షెడ్డు యజమాని కూర్చుని టీ తాగుతున్నాడు. మనిషీ ఉన్నాడు, బండీ ఉంది, నాకు రెండూ కనబడలేదు. మళ్లీ ఎక్కించారు. ఈసారి మాస్టారు లారీకి సరిగ్గా ముందు, బంపరుకు తగిలేంత దగ్గరగా నిలబడ్డారు. ఆయన తల మీది టోపీ ముక్క మాత్రం కనబడింది. ఆయన వంగితే అదీ లేదు. మా ఆరో తరగతి పిల్లలు ఆ టోపీకంటే పొట్టి.

నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎందుకంటే పదేళ్లుగా బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర నేను ఆగే చోటు సరిగ్గా అదే. లారీకి ఎడమ పక్కన, తలుపు కింద, నీడ ఉంటుందని. "అంత పెద్ద లారీ నాకు కనబడుతోంది కదా, వాడికి నేను కనబడనా" అనే ధీమాతో.

మాస్టారు అక్కడితో వదల్లేదు. పుల్లతో మట్టిలో రెండు గీతలు గీశారు. లారీ ఎడమకు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెళ్లిన దారిలో వెనక చక్రాలు వెళ్లవు. లోపలికి కోసుకుంటూ వస్తాయి. బండి ఎంత పొడవైతే అంత లోపలికి. ముందు చక్రం మనల్ని దాటి వెళ్లింది కదా అని ఊపిరి పీల్చుకునేలోపు వెనక చక్రం మన మీదికి వస్తుంది. "నా సర్వీసులో ఇట్టాంటివి కళ్లతో చూశానమ్మా" అని మాత్రం అన్నారు. ఎన్నో, ఎక్కడో చెప్పలేదు, నేనూ అడగలేదు. జామెట్రీ ముప్ఫై ఏళ్లుగా బోర్డు మీద గీస్తున్నాను, ఈ బొమ్మ ఏ పాఠంలోనూ చెప్పలేదు.

మర్నాడు స్కూటీ తీసినప్పుడు సిగ్నల్ దగ్గర లారీ వెనక ఎండలో నిలబడ్డాను. వెనకవాడు హారన్ మోగించి తిట్టుకున్నాడు. తిట్టుకోనీ.

ఎనిమిదో రోజు అంగల లెక్క. పొద్దున్నే ఖాళీ స్థలంలో నేల మీద సుద్దతో గీత గీసి, "గంటకు అరవైలో వస్తున్నారు, ఇక్కడ కుక్క అడ్డమొచ్చింది. మీ కాలు బ్రేకు మీద పడేసరికి ఎక్కడుంటారు? నడిచి చూపించండి" అన్నారు. నేను నాలుగైదు అంగలేసి ఆగాను. ఆయన నవ్వి, ఇంకా వెళ్లండి, ఇంకా వెళ్లండి అంటూ ఇరవై ఎనిమిది అంగలు వేయించారు. నమ్మకం కుదరక అక్కడే లెక్క వేశాను. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 16.7 మీటర్లు. మనిషి చూసి, అయ్యో అనుకుని, కాలు కదిపేసరికి ఒక సెకను. నా అంగ 60 సెంటీమీటర్లు. ఇరవై ఎనిమిది సరిపోయింది! అది బ్రేకు వెయ్యకముందు దూరం. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కితే ఇంకో 20 మీటర్లు పోయాక గానీ కారు ఆగదు. అదే నలభైలో వస్తే మొత్తం కలిపి 20 మీటర్లలో ఆగిపోతుంది. స్పీడు ఒకటిన్నర రెట్లయితే బ్రేకు దూరం రెండుంపావు రెట్లు. వర్గం కదా. ఈ లెక్క ఇప్పుడు మా తొమ్మిదో తరగతి పిల్లల చేత గ్రౌండులో వేయిస్తున్నాను. పరీక్షలో రాని లెక్క అని ఎవరూ అడగలేదు ఇప్పటిదాకా.

ఆ రోజు ఇంటికొచ్చి కేంద్ర రోడ్డు రవాణా శాఖ వాళ్ల 2022 లెక్కలు చదివాను. దేశం మొత్తం మీద ఆ ఏడాది 4,61,312 ప్రమాదాలు, 1,68,491 మంది చనిపోయారు. గంటకు పందొమ్మిది మంది. మా స్కూల్లో పీరియడ్ ముప్పావుగంట, అంటే పీరియడ్‌కి పద్నాలుగు మంది. పోయినవాళ్లలో 44 శాతానికి పైగా టూవీలర్ల మీద వాళ్లే. నన్ను ఆపేసిన అంకె మాత్రం వేరే. ప్రమాదాల్లో 67 శాతం తిన్నటి రోడ్ల మీదే జరిగాయి. మలుపుల్లో కాదు, గుంతల్లో కాదు. మర్నాడు మాస్టారికి చెబితే ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. "వంపులో అందరికీ భయం ఉంటది, కాలు బ్రేకు మీదే పెట్టుకుంటారు. తిన్నగా ఉన్నచోటే కొంప మునుగుద్ది" అన్నారు. అతివేగం వల్ల పోయినవాళ్లు 71 శాతం అని అదే రిపోర్టులో ఉంది. ఆయన మాటకూ దానికీ ముడి వేసుకోవడానికి లెక్కల టీచరే అక్కర్లేదు.

రాంగ్ రూటు గురించి ఆయనకున్నంత కోపం ఇంకెవరికీ చూడలేదు. రామవరప్పాడు వైపు హైవేలో వెళ్తుంటే ఎదురుగా బైకు మీద ముగ్గురు వచ్చారు. యూటర్న్ దాకా వెళ్లడం ఎందుకని అడ్డంగా ఎదురొస్తున్నారు. నేను బిగుసుకుపోయి హారన్ కొట్టబోయాను. "హారన్ తర్వాత, ముందు స్పీడు తగ్గించండి. మీది అరవై, వాడిది నలభై, కలిస్తే వంద. తప్పు వాడిదే, ఒప్పుకుంటా. తప్పెవడిదో తేలాక మనం ఉండాలి కదా" అన్నారు. వాళ్లు దాటిపోయాక కిటికీలోంచి తల బయటపెట్టి ఆయన తిట్టిన తిట్టు మాత్రం ఇక్కడ రాయలేను.

అన్నీ మెచ్చుకోవడమే అనుకోకండి. ఒక విషయంలో ఆయనతో గట్టిగానే పోట్లాడాను. ఆయన కారులో నేర్చుకునేవాళ్లు వంతులవారీగా వెనక సీట్లో కూర్చుంటారు, ఒక్కరూ బెల్టు పెట్టుకోరు. పెట్టుకుందామంటే బకిల్ దొరకదు. సీటు కవరు కిందకు తోసేసి, పైన నీట్‌గా టవల్ పరిచారు. "వెనకవాళ్లకు ఎందుకమ్మా, నెమ్మదిగానే పోతాం కదా" అన్నారు, ముప్ఫై ఏళ్ల సర్వీసున్న మనిషి! యాభైలో గుద్దుకుంటే బెల్టు లేని మనిషి ముందుకు విసురుగా వెళ్లేది మూడో అంతస్తు మీద నుంచి పడ్డంత వేగంతో అని లెక్కేసి చూపించాను. సుమారు 10 మీటర్ల ఎత్తు వస్తుంది. వెనక కూర్చున్న మనిషి బరువంతా ముందు సీటు మీద, అంటే మాస్టారి వీపు మీద పడుతుందని కూడా చెప్పాను. 2022లో బెల్టు పెట్టుకోక పోయినవాళ్లు 16,715 మంది, అందులో దాదాపు సగం, 8,331 మంది, నడిపేవాళ్లు కాదు, కూర్చున్నవాళ్లు. అయినా కదల్లేదు. చివరికి ఎన్టీఆర్ కొడుకు హరికృష్ణగారి సంగతి ఎత్తాను. 2018 ఆగస్టులో నల్గొండ దగ్గర జరిగిన ఆ ప్రమాదంలో ఆయన బెల్టు పెట్టుకోలేదని పోలీసులు అప్పుడే చెప్పారు కదా. మాస్టారు ఎన్టీఆర్ అభిమాని. చైతన్య రథం నడిపిన మనిషికే ఇలా జరిగింది మాస్టారూ, అన్నాను. మాట్లాడలేదు. మర్నాడు పొద్దున సీటు కవరుకు కత్తెరతో రెండు కంతలు పెట్టి, బకిళ్లు పైకి తీసి ఉంచారు. టవల్ లేదు.

ఇంకా ఉన్నాయి ఫిర్యాదులు. ఏసీ వెయ్యరు, మే నెలలో బెజవాడ ఎండలో పదకొండు గంటల క్లాసు తీసుకుంటే మీ ఖర్మ. ముప్పావుగంటలో ఏడెనిమిది నిమిషాలు టీ కొట్టు దగ్గర పోతాయి. టీ డబ్బులు ఆయనే ఇస్తారనుకోండి, టైము మనది కదా. ఆర్టీసీ కథలు కొన్ని రెండోసారి, మూడోసారి కూడా వినాలి. ఫోన్‌పే లేదు, నోట్లే. అరుస్తారు. నా ముందు క్లాసులో ఉండే ఇంజనీరింగు పిల్ల ఒకరోజు ఏడ్చేసింది. మర్నాడు ఆ పిల్లకు జామకాయలు తెచ్చిచ్చారు గానీ, అరవడం మానలేదు. రాత్రి పూట నడపడం అసలు నేర్పలేదు, ఎదుటివాడి హైబీమ్ కళ్లలో కొడితే ఎడమ అంచు గీత చూసుకుంటూ స్పీడు తగ్గించమని నోటిమాటగా చెప్పి ఊరుకున్నారు. అన్నిటికంటే పెద్ద లోటు రివర్సు. పార్కింగుకు ఒక్కటంటే ఒక్క రోజు. "వెనక్కి వెళ్లేటప్పుడు ఎవరూ చావరమ్మా, రేకు సొట్టపడుద్ది అంతే" అంటారు. సెల్లారులో ఆడుకునే పిల్లల్ని చూసేదాన్ని కాబట్టి నేను ఒప్పుకోను.

ప్రమాదం చూస్తే ఏం చెయ్యాలన్నది కూడా ఆయన చెప్పింది అరకొరే. 108కి ఫోన్ చెయ్యండి, అన్నారు. చేశాక పోలీసులు మనల్ని తిప్పుతారేమోనని అక్కడే ఉన్న ఒక పెద్దాయన అనుమానపడితే, దానికి మాత్రం మాస్టారి దగ్గర జవాబు లేదు. నేను చదివి వెళ్లి చెప్పాల్సి వచ్చింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఎ అని ఒక సెక్షన్ వచ్చింది. దెబ్బలు తగిలినవాణ్ణి మంచి మనసుతో ఆస్పత్రికి చేర్చినవాళ్ల మీద కేసు పెట్టకూడదు, పేరూ ఊరూ చెప్పమని బలవంతం చెయ్యకూడదు. ఈ ముక్క డ్రైవింగ్ స్కూల్లో మొదటి రోజే చెప్పాలి కదా?

లైసెన్సు పరీక్షలో హెచ్ ఆకారపు ట్రాక్ మొదటిసారే పాసయ్యాను. రివర్సులో ఒక కర్రను వెంట్రుకవాసిలో తప్పించాను, దేవుడి దయ.

కిందటి ఆదివారం తెనాలి వెళ్లాం. నేను నడిపాను, మావారు పక్కన. వారధి మీద మా కుడి పక్కన ఇసుక లారీ. మేము సరిగ్గా దాని ఎడమ తలుపు కింద ఉన్నాం. నేను కాలు తీసి, లారీ ముందుకు పోయేదాకా నెమ్మదిగా వెనక్కి తగ్గాను. "దాటెయ్యొచ్చుగా, ఎందుకు తగ్గావు?" అన్నారు.

"మనం వాడికి కనబడట్లేదండీ."

ఆయన ఇంకేమీ అడగలేదు. పక్కచూపు లేకపోవడమంటే ఏమిటో ఆయనకు నేను చెప్పక్కర్లేదు.

మంగళగిరి దాటి దుగ్గిరాల మీదుగా చేరేసరికి గంటంబావు పట్టింది. క్యాబువాళ్లు గంటలోపే తీసుకెళ్లేవాళ్లు. సాయంత్రం అమ్మను మాతో తీసుకొద్దామని వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెడితే, "పెళ్లిపీటల మీద కూడా ఇట్టా కట్టెయ్యలేదే నన్ను" అని విజయవాడ దాకా సణుగుతూనే ఉంది. పెట్టుకుంది మాత్రం.

ఇంటికొచ్చాక సెల్లారులో కారు వెనక్కి పెట్టడానికి నాలుగు ప్రయత్నాలు, వాచ్‌మన్ సాయం, పై ఫ్లాటు వాళ్ల కిటికీలోంచి సలహాలు. మర్నాడే మాస్టారికి ఫోన్ చేసి, రివర్సుకు ఇంకో ఐదు క్లాసులు కావాలన్నాను. 2,000 అన్నారు. రివర్సు మీరు ఎగ్గొట్టిన పాఠమే కదా, 1,200 ఇస్తానన్నాను. బేరం ఇంకా తెగలేదు.